రెండు చుట్లు తక్కువ

నీళ్ళాయన పోయిన మర్నాడు పొద్దున ఐదున్నరకి ఆ ఇంటి కుళాయి ఒకసారి దగ్గి ఊరుకుంది. నీళ్ళు రాలేదు.

ఇంటినిండా పరామర్శకి వచ్చినవాళ్ళు. కొందరు ఏడుస్తున్నారు, కొందరు కాఫీ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. డ్రమ్ములో ముందురోజు పట్టిన నీళ్ళు ఉండటంతో కుళాయి సంగతి ఎవరికీ పట్టలేదు. ఆయన భార్య మాత్రం వంటింటి గుమ్మంలో కూర్చుని దాని వంకే చూసింది. ఇరవై రెండేళ్ళుగా తప్పకుండా వచ్చిన నీళ్ళు ఆయన పోయిన మర్నాడే ఆగిపోతే ఇంకో ఇల్లాలికి గుండె చెరువయ్యేది. ఈమెకి ఒళ్ళు మండింది. ఆయన స్థానంలో వచ్చిన కొత్తాయనకి పని చేతకాదని అప్పుడే తేల్చేసింది.

నీళ్ళాయన అన్నది ఊరు పెట్టిన పేరు. మున్సిపాలిటీ నీళ్ళ శాఖలో వాల్వులు తిప్పడం ఆయన ఉద్యోగం. ఊరంతటికీ ఒకేసారి సరిపడా నీళ్ళు ఎప్పుడూ లేవు కాబట్టి వీధికో వేళ ఉంటుంది. రోడ్డు మీద అక్కడక్కడా చదరపు ఇనుప మూతలు కనిపిస్తాయే, వాటి కింద ఉంటాయి ఈ వాల్వులు. ఆయన చేతి కింద నలభై ఒకటి. ఛాతీ ఎత్తున్న ఇనుప రాడ్డు, దాని కొసకి అడ్డంగా ఒక పిడి. దాన్ని సైకిలుకి కట్టుకుని తెల్లారుజామున నాలుగింటికి బయల్దేరితే మధ్యాహ్నం దాకా మూత తీయడం, రాడ్డు దింపడం, ఇన్ని చుట్లని లెక్కపెట్టి తిప్పడం, మళ్ళీ వేళకొచ్చి కట్టేయడం. ముప్ఫై ఆరేళ్ళు అదే పని. ఏ వీధికి ఎన్ని చుట్లో ఆఫీసు పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకం రాసిందీ ఆయనే.

ఇందులో గొప్పతనం ఏముందని అడిగేవాళ్ళు ఎప్పుడూ మేడమీద ట్యాంకు ఉన్న ఇళ్ళలో పుట్టినవాళ్ళే. మిగతావాళ్ళకి తెలుసు. వాల్వు తిప్పేవాడు ఒక చుట్టు ఎక్కువ తిప్పితే ఒక వీధి పండగ చేసుకుంటుంది, ఇంకో వీధి కొట్టుకుంటుంది. అందుకే ఆయన్ని మంచి చేసుకోవాలని చూడనివాళ్ళు లేరు. ఆయన ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా తాగేవాడు కాదు. పైపుకి దొంగతనంగా మోటార్లు బిగించి నీళ్ళు లాగేవాళ్ళ దగ్గర ఆరు మోటార్లు తన చేత్తో ఊడపీకాడు. అందులో ఒకటి తన ఇంటి ఓనరుది. ఓనరు కింది ఇంట్లోనే ఉండేవాడు. ఆ తర్వాత రెండేళ్ళు మెట్ల మీద ఎదురుపడితే ఇద్దరూ గోడ చూసుకుంటూ వెళ్ళేవారు.

పెళ్ళి మాటలకి కాబోయే భార్య పుట్టింటికి వచ్చినప్పుడు కూడా ఆయన అడిగింది ఒకే ప్రశ్న.

"మీ వీధికి నీళ్ళెన్నింటికి?"

"ఆరింటికి. కానీ సన్నగా వస్తాయి," అందామె.

"మూత కింద మట్టి చేరి ఉంటుంది. రేపు తీయిస్తాను."

అంతే. ఇంకేమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఈ మనిషితో ఎలా వేగుతావని వాళ్ళమ్మ తల పట్టుకుంది. మర్నాడు ఆరింటికి నీళ్ళు బిందె అదిరేలా పడ్డాయి. ఆమె బిందె నింపుకుని లోపలికొచ్చి, సరేనని చెప్పమంది. వలచి చేసుకున్న పెళ్ళేనా మీది అని తర్వాత మనవరాలు అడిగితే, నీళ్ళు చూసి చేసుకున్నదే అని చెప్పేది.

భర్తగా ఆయన ఎలాంటివాడంటే, చెప్పుకోడానికి ఏమీ ఉండదు, చెప్పడం మొదలుపెడితే అయిపోదు. భార్య కూర బాగుందా అని అడిగితే ఇంకొంచెం వేయమనేవాడు. ఆమెకి జ్వరమొస్తే గంటకోసారి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాడు. పదిహేడో వాల్వు విప్పాక పద్దెనిమిదో వాల్వుకి పదకొండు నిమిషాల ఖాళీ. ఆ పదకొండు నిమిషాల్లో కూతుర్ని సైకిలు మీద బడిలో దింపేవాడు. పదేళ్ళలో ఆ పిల్ల ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళలేదు. గేటు తీయకముందే వెళ్ళి నిలబడ్డ రోజులు మాత్రం చాలా ఉన్నాయి. ఆ పిల్ల పెద్దదై, పెళ్ళై, పక్క వీధిలో కాపురం పెట్టాక, దాని కూతురు ఆ సైకిలెక్కింది. సెలవుల్లో మనవరాలు ముందు కడ్డీ మీద కూర్చుని, ఆయన రాడ్డు తిప్పుతుంటే చుట్లు పైకి లెక్కపెట్టేది. అంకెలు అలాగే నేర్చుకుంది.

ఇంట్లో నీళ్ళ విషయంలో మాత్రం ఆయన రాక్షసుడు. బకెట్ అంచు దాటి ఒక్క చుక్క పొంగకూడదు. ఆదివారాలు సాయంత్రం కూడా ఓ గంట నీళ్ళు వదిలేవారు. అప్పుడు వాల్వు విప్పి వచ్చి పక్క గదిలో కునుకు తీస్తూ కూడా బకెట్ నిండే చప్పుడుని బట్టి "ఇక కట్టెయ్" అని అరిచేవాడు. అరిచాక మళ్ళీ గుర్రు పెట్టేవాడు.

ఇరవై రెండేళ్ళ కింద దాకా ఆ మూడో అంతస్తుకి నీళ్ళెక్కేవి కావు. ఆ అంతస్తులో ఉన్నది వీళ్ళ వాటా ఒక్కటే. రోజూ కింద కుళాయి దగ్గర పన్నెండు బకెట్లు పట్టి ఆమె పైకి మోసేది. ఊరందరికీ నీళ్ళు వదిలే మనిషి పెళ్ళాం నీళ్ళు మోస్తోందని వీధి నవ్వుకునేది. నీళ్ళొచ్చే వేళకి ఆయన ఊళ్ళో ఎక్కడో ఏ మూత దగ్గరో ఉండేవాడు. ఒకరోజు ఏడో బకెట్‌తో రెండో అంతస్తు మెట్ల మీద జారింది. తొడ ఎముక విరిగింది. నాలుగు నెలలు కట్టు. ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నీళ్ళ వేళకి లేచి వెళ్ళి, వచ్చి, మళ్ళీ అదే స్టూలు మీద కూర్చునేవాడు. ఒక్క ఓదార్పు మాట లేదు. "నా కాలు విరిగినందుకు ఈయనకి కోపమొచ్చిందేమో" అని ఆమె నర్సుకి చెప్పుకుని ఏడ్చింది.

కట్టు విప్పి ఇంటికొచ్చిన మర్నాడు, ఐదున్నరకి, పై కుళాయిలోంచి నీళ్ళు పడ్డాయి.

"ఇదేంటండీ!" అందామె.

"ప్రెషర్ పెరిగింది," అన్నాడాయన.

ఆమె నమ్మింది. ఇరవై రెండేళ్ళు నమ్మింది. కాలు కొంచెం పొట్టిదైతే అయింది, నీళ్ళు పైకొచ్చాయి కదా అని అందరితోనూ చెప్పుకుంది.

దాదాపు ఆ రోజుల్లోనే ఆయనకి ఇంకో అలవాటు పట్టుకుంది. సాయంత్రం డ్యూటీ లేకపోయినా వెళ్ళి, ఆఫీసు ట్యాంకు దగ్గర రెండు ఇరవై లీటర్ల డబ్బాలు నింపి, సైకిలుకి చెరో పక్కా కట్టి, మిట్టవీధి పైదాకా తోసుకెళ్ళి చివరి ఇంట్లో ఇచ్చి వచ్చేవాడు. మిట్టవీధి పేరుకి తగ్గట్టు ఎత్తు మీద ఉంటుంది. చివరి ఇంట్లో ఉండేది లెక్కల మాస్టారు. రిటైరై ఒంటరిగా ఉంటున్న మనిషి. తన కుళాయిలో నీళ్ళు సరిగ్గా రావడం లేదని నీళ్ళ శాఖకి ఇప్పటికి నూట నలభై అర్జీలు పెట్టారు. ప్రతి అర్జీకీ తనిఖీకి వెళ్ళింది నీళ్ళాయనే. ప్రతి తనిఖీకీ రాసిన జవాబు ఒకటే, ఎత్తు ప్రదేశం అయినందున.

"నేను పన్నెండేళ్ళు మోస్తే ఒక్క బకెట్ అందుకోలేదు. ఎవరికో రోజూ మోస్తారేం?" అని భార్య దెప్పేది.

"చివరి ఇల్లు కదా," అనేవాడు.

అలాంటి మనిషి ఒక మంగళవారం పొద్దున ఇరవై మూడో వాల్వు కట్టేసి, మూత వేసి, పక్కనే ఉన్న గట్టు మీద కూర్చుని, రాడ్డు ఒళ్ళో పెట్టుకుని పోయాడు. రిటైర్ కావడానికి ఇంకా ఏడు నెలలుంది. ముందు చూసింది పంపుహౌసాయన. రోజూ నాలుగింటికి పంపు వేసేది ఈయనే, ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు.

"మూత సరిగ్గా వేసి మరీ పోయాడు వదినా," అని చెప్పి కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మూడోనాటికి డ్రమ్ము అడుగంటింది. కుళాయి అప్పటికీ దగ్గుతూనే ఉంది. ఆమె పొద్దున్నే కుంటుకుంటూ మూడంతస్తులు దిగి, వీధి మలుపులో మూతల దగ్గర ఉన్న కొత్తాయన్ని పట్టుకుంది. వాళ్ళ వీధి వాల్వూ మిట్టవీధి వాల్వూ అక్కడ పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఐదున్నరకే విప్పాలి. కొత్తాయన నలభై ఏళ్ళ మనిషి, ఇంకో సెక్షన్ నుంచి బదిలీ మీద వచ్చాడు. ఈమె ఎవరో తెలిసి లేచి నిలబడ్డాడు.

"పుస్తకంలో ఉన్నట్టే తిప్పుతున్నానమ్మా. చూడండి, మీ వీధికి పది, మిట్టవీధికి పదకొండు. అన్నగారి చేతిరాతే ఇది."

చేతిరాత ఆయనదే. పక్కన బకెట్ పట్టుకుని నిలబడ్డ మనవరాలు పుస్తకంలోకి తొంగి చూసి ఏదో అనబోయి, అమ్మమ్మ మొహం చూసి ఆగింది. మెట్లెక్కేటప్పుడు చెప్పింది.

"అమ్మమ్మా, ఆ పుస్తకం తప్పు. మిట్టవీధికి తొమ్మిదే."

"నీకెవరు చెప్పారు?"

"నేనే లెక్కపెట్టేదాన్నిగా. తొమ్మిది అనగానే తాతయ్య ఆపేసేవాడు. పదకొండని రాసుంది కదా అని ఓసారి అడిగితే, ఇది మాత్రం మనిద్దరి లెక్క అన్నాడు."

ఆమె రెండో అంతస్తు మెట్ల మీద, తాను జారిన చోటుకి రెండు మెట్ల కింద, బకెట్ దించి కూర్చుండిపోయింది. ముప్ఫై ఆరేళ్ళు నీళ్ళ మనిషితో కాపురం చేసింది, ఆ మాత్రం లెక్క ఆమెకి తెలుసు. ఒకే పైపులోంచి రెండు వీధులు. ఒకదానికి బిగిస్తే రెండోదానికి ఎక్కుతుంది. మిట్టవీధికి రెండు చుట్లు తగ్గాయి కాబట్టే ఆమె కుళాయికి నీళ్ళెక్కాయి. తగ్గిన నీళ్ళు ఎవరివంటే ఎత్తు మీద చిట్టచివర ఉన్న ఇంటివి. ప్రెషర్ ఎక్కడా పెరగలేదు.

పుస్తకంలో పదకొండని రాసి, చేత్తో తొమ్మిది తిప్పాడు. పరాయి ఇంట్లో గుక్కెడు నీళ్ళు ముట్టని మనిషి.

"ఏమైంది అమ్మమ్మా?"

"ఏం లేదు. ఈ సంగతి ఎక్కడా అనకు. మీ అమ్మతో కూడా."

ఆ మధ్యాహ్నమే లెక్కల మాస్టారు పరామర్శకి వచ్చారు. డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో మూడంతస్తులు ఎక్కి, ఆయాసం తీర్చుకుని, కళ్ళజోడు తుడుచుకుని చెప్పారు.

"విచిత్రం చూడమ్మా. ఆయన పోయిన మర్నాటి నుంచి మా కుళాయిలో నీళ్ళు పడుతున్నాయి. ధారగా! నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. లెక్కలు చెప్పుకుని బతికినవాణ్ణి. కానీ పైనుంచి కూడా నా గురించే చూస్తున్నాడేమో అనిపిస్తోంది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "మీకు నీళ్ళు బాగానే వస్తున్నాయా?" అన్నారు.

"వస్తున్నాయి మాస్టారూ," అందామె.

జీవితంలో ఆమె ఆడిన అబద్ధాలన్నీ చిన్నవే, పెద్దది ఇదొక్కటే. ఆమె కుళాయి ఆగిన రోజూ మాస్టారి కుళాయి వచ్చిన రోజూ ఒకటే. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఎంత మొద్దు విద్యార్థికైనా జవాబు దొరుకుతుంది. ఈయన మాస్టారు. అందుకని తన ఇంటికి నీళ్ళు రావడం లేదని ఎవరికీ తెలియకూడదనుకుంది. ఆయన ముప్ఫై ఆరేళ్ళు సంపాదించుకుంది ఆ పేరొక్కటే. అది పోతే ఆయన ఇంకోసారి పోయినట్టు.

ఆ రోజు నుంచి ఐదున్నర కాగానే, కింది వాటాలవాళ్ళు బయటికి రాకముందే దిగి, కింద కుళాయి దగ్గర పట్టి, పైకి మోయడం మొదలుపెట్టింది. ఒక్కో మెట్టు మీద బకెట్ ముందు పెట్టి, తర్వాత కాలు పెట్టి. సగం బకెట్లు. మెట్ల మీద పడ్డ తడిని గుడ్డతో తుడుచుకుంటూ. మూడో రోజుకి తొడ వాచింది. కూతురు చూసి, నాన్న మీద బెంగతో నడక కూడా మారిపోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తమ ఇంటికి వచ్చేయమంది. ఆమె రానంది. తను ఇల్లు ఖాళీ చేస్తే తర్వాత దిగేవాళ్ళు మొదటిరోజే కుళాయి తిప్పి చూస్తారు.

రెండో ఆదివారం నీళ్ళ శాఖ ఆఫీసు హాల్లో సంతాప సభ పెట్టారు. గోడకి ఆయన ఫొటో, కింద ఆ ఇనుప రాడ్డు. ఫొటోలో ఆయన ఎప్పటిలాగే, ఎక్కడో ఏదో కారుతోందని అనుమానంగా ఉన్న మనిషిలా చూస్తున్నాడు. ముందు ఇంజనీరు లేచాడు.

"ఆయన నీళ్ళ శాఖలో నిప్పులాంటి మనిషి," అని, ఆ మాట తనకే నచ్చి రెండోసారి కూడా అన్నాడు.

తర్వాత మాస్టారు లేచారు. చేతిలో కాగితం. మొదట డబ్బాల సంగతి చెప్పారు. ఇరవై రెండేళ్ళు, రోజుకి రెండు, వానొచ్చినా ఎండొచ్చినా, మొత్తం పదహారు వేల చిల్లర. లీప్ సంవత్సరాలు కూడా కలిపారు. హాల్లో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

"ఈ శాఖలో అందరూ దొంగలేనని నూట నలభై సార్లు రాశాను. ఈ ఒక్క మనిషి విషయంలో ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను," అన్నారు. అక్కడ కూర్చుని ఉంటే బాగుండేది. కూర్చోలేదు.

"అయితే ఒక ప్రశ్న మిగిలింది. అదే పైపు, అదే ఎత్తు, అదే వాల్వు. పుస్తకంలో పదకొండు చుట్లు, అప్పుడూ పదకొండే, ఇప్పుడూ పదకొండే. మరి రాని నీళ్ళు ఇప్పుడెలా వస్తున్నాయి? వాల్వులో తేడా లేనప్పుడు తేడా ఉండాల్సింది పంపులో. ఇన్నాళ్ళూ పంపుహౌస్‌లో ఎవరో ఆలస్యంగా పంపు వేశారు. ఇప్పుడు శాఖ అంతా ఇటు చూస్తోందని భయపడి సరిగ్గా వేస్తున్నారు. దీని మీద నూట నలభై ఒకటో అర్జీ ఇచ్చాను."

ఇంజనీరు గొంతు సవరించుకుని లేచాడు. అర్జీ అందిందనీ, పంపుహౌస్ ఉద్యోగికి నిన్ననే మెమో ఇచ్చామనీ, రేపట్నుంచి ఆయన్ని పనిలోంచి ఆపి విచారణ చేస్తామనీ చెప్పాడు. మహానుభావుడి ఆత్మకి శాంతి కలిగేలా చర్య తీసుకుంటామన్నాడు.

పంపుహౌసాయన మూడో వరసలో తల వంచుకుని ఉన్నాడు. చొక్కా జేబులో మడతపెట్టిన మెమో కనిపిస్తోంది. రెండు వారాల్లో రోజూ ఇంటికొచ్చి కూర్చుని వెళ్ళాడు గానీ తన మీద ఇలాంటిది వస్తుందని నిన్నటి దాకా ఆయనకే తెలియదు పాపం. ఆమె ఫొటో వంక చూసింది. నోరు విప్పితే మొగుడి పేరు పోతుంది. విప్పకపోతే మొగుడి స్నేహితుడి పేరు పోతుంది, అదీ మొగుడి పేరు మీదే. ఫొటోలో మనిషి ఎప్పటిలాగే ఏ సాయమూ చేయలేదు.

ఆమె కుర్చీ పట్టుకుని లేచింది.

"పంపులో తేడా లేదు. మావారు రెండు చుట్లు తగ్గించారు."

ఎవరికీ అర్థం కాలేదు. ఇంజనీరు నవ్వబోయి ఆగాడు.

"పుస్తకంలో పదకొండుంది కదమ్మా."

"పుస్తకం రాసింది ఆయనే కదండీ. పదకొండని రాసి తొమ్మిది తిప్పారు. మా మూడో అంతస్తుకి నీళ్ళెక్కాలని. నేను మొన్నటి దాకా ఎరగను. ఆయన పోయిన మర్నాటి నుంచి మాకు నీళ్ళు రావడం లేదు. కింద నుంచి మోసుకుంటున్నాను."

"ఇది మినిట్స్‌లో రాయాలా సార్?" అని గుమస్తా మెల్లగా అడిగాడు. ఇంజనీరు వద్దని సైగ చేశాడు.

"రాయండి," అందామె. "ఆ మెమో వెనక్కి తీసుకున్నామని కూడా రాయండి."

మాస్టారు ఇంకా నిలబడే ఉన్నారు. "ఎప్పటి నుంచి?" అన్నారు.

"నా కాలి కట్టు విప్పిన రోజు నుంచి మాస్టారూ. ఇరవై రెండేళ్ళు."

మాస్టారు పెదవులు కదిలాయి. ఏదో కూడారు, ఏదో తీసేశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్ళిపోయారు. సభ అక్కడితో అయిపోయింది. వెళ్ళేటప్పుడు పంపుహౌసాయన దగ్గరికొచ్చి, "ఎందుకు చెప్పావు వదినా, రిటైర్ కావడానికి ఇంకో ఏడాదేగా, ఎలాగో గడిపేసేవాణ్ణి," అని చేతులు జోడించాడు. మిగతావాళ్ళు ఆమెని దాటుకుని వెళ్ళారు. ఇంటి ఓనరు, ఊడపీకిన మోటారు గుర్తొచ్చిందేమో, ఫొటో ముందు ఒక నిమిషం ఎక్కువే నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక మనవరాలు అడిగింది.

"తాతయ్య మంచివాడా కాదా అమ్మమ్మా?"

"నాకు మంచివాడే," అందామె. "మాస్టారికి రెండు చుట్లు తక్కువ."

"మరి ఆ రెండు డబ్బాలూ మనింటికే మోసి ఉంటే సరిపోయేదిగా?"

"మనకి పన్నెండు బకెట్లు కావాలి. ఆయన సాయంత్రం ఖాళీ అయ్యే లోపు వంటా స్నానాలూ ఆగుతాయా? ఒంటరి మనిషికి రెండు డబ్బాలు చాలు. అలా చూసుకున్నట్టున్నారు," అంది. తర్వాత నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చింది. ఆయన పోయాక ఆమె గొంతెత్తి ఏడ్చింది అదే మొదటిసారి. కొండంత మనిషి పోయాడని కాదు, ఈ పిచ్చి మనిషి పోయాడని.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. మాస్టారు. మనిషి మొహం చూస్తే రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. కూర్చోమన్నా కూర్చోలేదు. కాగితం తీసి చేతికిచ్చారు.

"నూట నలభై రెండో అర్జీ. మిట్టవీధిలో పదిహేడు ఇళ్ళవాళ్ళ సంతకాలు ఉన్నాయి. మా వీధి వాల్వుని ఐదున్నరకి కాకుండా పది నిమిషాలు ఆలస్యంగా విప్పమని. ఆ పది నిమిషాలూ పైపులో నీళ్ళన్నీ మీ వీధికే. మూడో అంతస్తుకి ఎక్కుతాయి. ఆ తర్వాత మా వీధికి పదకొండు చుట్లూ తిప్పాల్సిందే. ఒక్క చుట్టు తగ్గినా నేను ఒప్పుకోను. చివర పది నిమిషాలు మాకు కలుపుతారు. మీకూ సరిపోతుంది, మాకూ సరిపోతుంది."

ఆమె కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే. అడిగి ఉంటే పది నిమిషాల పని!" మాస్టారు గొంతు ఒక్కసారిగా లేచింది. అది కోపం. నిజమైన కోపం. "మా ఆవిడ మోయలేకపోతోంది మాస్టారూ, ఏదైనా దారి చెప్పండి, అని ఒక్క మాట అడిగితే అప్పుడే చెప్పేవాణ్ణి. వేళ మార్చాలంటే మా వీధివాళ్ళ ఒప్పుకోలు కావాలి. సొంత ఇంటి కోసం అడిగాడంటారని భయం. అందుకని నాకు నీళ్ళు లేకుండా చేసి, నాకే నీళ్ళు మోశాడు!"

"ఎవర్నీ ఏమీ అడిగే మనిషి కాదు మాస్టారూ."

"మీకైనా చెప్పొచ్చుగా?"

"నాకు చెప్పి ఉంటే వద్దనేదాన్ని. మునుపటిలాగే మోసుకునేదాన్ని."

"అందుకే చెప్పలేదమ్మా," అన్నారు మాస్టారు. కోపం అక్కడితో అయిపోయింది. గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడ్డారు. "రోజూ డబ్బాలు దించాక మా గుమ్మంలో ఒక నిమిషం అలా నిలబడేవాడు. ఏమీ అనేవాడు కాదు. మొహం తుడుచుకునేవాడు, నా వంక చూసేవాడు, వెళ్ళిపోయేవాడు. ఎత్తెక్కి వచ్చాడు కదా, ఆయాసం అనుకున్నాను. ఇరవై రెండేళ్ళు ఆయాసమే అనుకున్నానమ్మా."

ఆయన రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

నీళ్ళ శాఖ చరిత్రలో ఒక అర్జీ నాలుగు రోజుల్లో తేలడం అదే మొదలు. ఐదో రోజు పొద్దున మనవరాలు వంటింట్లో కుళాయి కింద బకెట్ పెట్టి ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది. ఆమె వాచిన కాలు చాపుకుని గోడకి చేరగిలబడింది. ఐదున్నర అయింది. కుళాయి దగ్గింది. గాలి వచ్చింది. ఇంకోసారి దగ్గింది. తర్వాత ధార సన్నగా మొదలై, లావై, బకెట్ అడుగున చప్పుడు చేస్తూ పడింది.

"ఒక్క మాట అడిగితే ఏం పోయేదండీ," అంది ఆమె కుళాయి వంక చూస్తూ. "ఎవరు కాదనేవారు? పిచ్చి మనిషి. ఆ ఎత్తు మీదకి రోజూ ఆ బరువు. ఒక్క మాట."

బకెట్ సగమైంది. ముప్పావైంది. చప్పుడు మారింది. మనవరాలు అలవాటుగా పక్క గది వైపు చూసింది. అటు నుంచి ఏమీ వినపడలేదు.

"అమ్మమ్మా, నిండిపోయింది. కట్టేయనా?"

"ఉండనీ," అందామె.

నీళ్ళు అంచు దాటి, గచ్చు మీద పారి, ఆమె చాపుకున్న కాళ్ళ దాకా వచ్చాయి. ఆ ఇంట్లో బకెట్ పొంగడం అదే మొదటిసారి.